కొడవలి పక్కన దైవం

మెహబూబ్ ప్రొడక్షన్స్ సినిమా మొదలవగానే తెర మీద సుత్తీ కొడవలీ కనిపిస్తాయి. వాటితోపాటే ఒక గొంతు ఉర్దూ ద్విపద చదువుతుంది. ఎవరెంత కీడు తలపెట్టినా చివరికి నెరవేరేది దైవసంకల్పమేనని దాని సారం. మెహబూబ్ ఖాన్ దైవభక్తుడు. అయినా శ్రామికుల గుర్తునే తన సంస్థ ముద్రగా పెట్టుకున్నాడు.

నేను సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేసేవాణ్ని. కింద జనం ఇంకా సీట్లు వెతుక్కుంటుంటే, పైన క్యాబిన్లో కార్బన్ కడ్డీలు సరిచేస్తూ ఆలోచనలో పడేవాణ్ని. అంతా దైవమే నడిపిస్తే కొడవలి దేనికి? కొడవలే బతుకు మారుస్తుందంటే దైవం దేనికి?

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో నాకు దారి దొరికింది. ఏ పని జరగడానికైనా అక్కడ అయిదు కారణాలు చెప్పారు: ఆధారం, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. ఆ వరస నా క్యాబిన్లో రోజూ చూశాను. యంత్రం తుడవాలి, రీలు అతుకులు వేలితో తడిమి చూసుకోవాలి, తెర మూల చుక్క పడగానే రెండో ప్రొజెక్టర్ అందుకోవాలి. ఇంత చేశాక కూడా కరెంటు ఉండటం నా చేతిలో లేదు. కానీ అతుకు చూడకుండా ఎక్కించిన రీలు తెగితే, ఆ నేరం దైవం మీద వేసే హక్కు నాకు లేదు.

మన విజయా ప్రొడక్షన్స్ వారి ముద్రలో రెపరెపలాడే జెండా మీద హనుమంతుడుంటాడు. అర్జునుడి రథం మీది కపిధ్వజం అది. రథం తోలింది కృష్ణుడే అయినా గాండీవం ఎత్తాల్సింది అర్జునుడే కదా! విజయా వారి మాయాబజార్, మెహబూబ్ మదర్ ఇండియా రెండూ 1957లోనే వచ్చాయి. ఆ జెండా, ఈ కొడవలి నాకు ఒకే ధర్మం చెబుతాయి.

మదర్ ఇండియాలో వరద పొలాన్ని ముంచేస్తుంది. వడ్డీవ్యాపారి సుఖీలాలా అప్పు ఎంత కట్టినా తీరదు. కథానాయిక రాధ దేవతనే నిలదీస్తుంది, ఆపైన నాగలి తానే లాగుతుంది. అంత చేసిన రాధ "దేవుడి దయ" అంటే అది భక్తి. అదే మాట సుఖీలాలా ఆమెకు చెబితే దోపిడి. అందుకే దైవేచ్ఛ అన్న మాట ఎవరి కష్టానికి వారే, చేయగలిగిందంతా చేశాక, చెప్పుకోవాలి. పక్కవాడి చేను మునిగినప్పుడు మనం పార పట్టుకుని వెళ్లాలి.