నాలుగో తలుపు

పోయినేడాది మా శోళవరం చెరువు దాపున సేద్యం చేసుకునే ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని బ్యాంకుకు వచ్చాడు. పిల్ల మద్రాసులో హాస్టల్లో ఉండి ఎం.ఏ. తెలుగు చదవాలట, సీటొచ్చింది, చదువు అప్పు కావాలి. "చదివి ఏం చేస్తావమ్మా?" అన్నాను. ఇంజనీరింగు పిల్లల్ని ఆ మాట నేనెప్పుడూ అడగలేదు.

మన దేశంలో పైచదువుకు తలుపులు చాలానే ఉన్నాయి. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు వెళ్లింది. ప్రమాణాలు చూసేది 1956 చట్టం కింద యు.జి.సి. పట్టా ఇచ్చేది యూనివర్సిటీ, చాలాచోట్ల పాఠం చెప్పేది దానికి అనుబంధమైన కాలేజీ. ఈ మూడూ ఒప్పుకున్న చదువును నా బల్ల దగ్గర ఆపడానికి నేనెవణ్ణి? నాలుగు లక్షల లోపు అప్పుకు తాకట్టు అక్కర్లేదు, తండ్రి కూడా సంతకం పెడితే చాలు. తెలుగుకు ఇవ్వకూడదని ఏ రూలులోనూ నేను చూడలేదు.

అయినా ఆ సొమ్ము నాది కాదు, డిపాజిటుదార్లది. తిరిగొస్తుందా అని చూడ్డం నా ధర్మమే. కాని ఇంజనీరింగు చదివి ఉద్యోగం దొరక్క బాకీపడ్డ ఖాతాలూ నా దగ్గరున్నాయి. మరి నా అనుమానం లెక్కలోంచి పుట్టిందా, చిన్నచూపులోంచా? బి.కాం.లో పార్టు వన్ తెలుగు తీసుకున్నవాణ్ణే. ఉద్యోగానికి అడిగేది పార్టు త్రీ మార్కులేనని, ఆ పుస్తకం పరీక్షకు వారం ముందు తెరిచాను.

"మీరు వద్దంటే మాన్పిస్తాను సార్," అన్నాడు తండ్రి. పిల్ల నావైపే చూస్తోంది.

ఫారం ఇచ్చాను. నమ్మి ఇచ్చానో, సిగ్గుపడి ఇచ్చానో ఇప్పటికీ తేలలేదు.