సాకే చేతిదే ఎంపిక

తాండూరులో ఒక కందుల వ్యాపారి ఉండేవాడు. నల్లరేగడిలో పండిన కందులు కొని, పప్పు పట్టించి అమ్మి, నాలుగు డబ్బులు వెనకేసుకున్నాడు. ఊరి చివర కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. గోడలు లేచాయి, స్లాబు పడింది, సిమెంటు పూత కూడా అయిపోయింది. ఇక తేలాల్సినవి మూడే మిగిలాయి: కింద పరిచే బండలు, లోపల వేసుకునే సామాను, ఇంటి ముందు తోట.

ఆ మూడింటి దగ్గరే తగవు మొదలైంది.

పెద్దకొడుకు హైదరాబాద్ వెళ్లి తెల్ల పాలరాతి పలకలు చూసి వచ్చాడు. "చుట్టాలు గడపల అడుగు పెట్టంగనే కండ్లు చెదరాలె" అన్నాడు. కూతురి మనసు ఒక మఖ్మల్ సోఫా మీద పడింది. అది నేలకు ఆనుకున్నంత పొట్టిగా, సగం గది నిండేంత వెడల్పుగా ఉంది. దాని ముందు నగిషీలు చెక్కిన టేకు బల్ల కూడా ఉండాలంది. చిన్నకొడుకుకేమో ఇంటి ముందంతా పచ్చగడ్డి పరవాలి, నడుమ ఫౌంటెన్ కట్టాలి. "చుట్టూ గనులు పెట్టుకొని, మన ఊరి బండ వదిలి పాలరాయి ఎందుకయ్యా?" అని మేస్త్రి అన్నాడు కానీ ఎవరూ వినిపించుకోలేదు.

వ్యాపారికి ముగ్గురూ ముద్దే. ఎవరి మాట కాదన్నా వాళ్ల మొహం ముడుచుకుంటుంది. చివరికి తన తల్లి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. "అవ్వా, నువ్వే ఏదో ఒకటి చెప్పు. నువ్వెట్లంటే అట్ల" అన్నాడు.

అవ్వ ముగ్గురు మనవల్నీ పిలిచింది. "మీకు నచ్చిందే తెచ్చుకోండ్రి బిడ్డా, నేను వద్దనను. కాని ఒక్క మాట. ఇప్పుడే కొత్తింట్ల పరవద్దు. కొంచెం కొంచెం తెచ్చి ఈ పాతింట్ల పెట్టుండ్రి. ఎవరు తెచ్చింది వాళ్లే సాకాలె. తుడుసుడు, దులుపుడు, నీళ్లు పోసుడు అంతా మీదే. నెల దినాలు. అక్క గాని, మీ అమ్మ గాని చెయ్యి పెట్టరు."

అక్క అంటే ఆ ఇంట్లో ఏళ్ల తరబడి పని చేస్తున్న మనిషి. ఊడవడం, తుడవడం, గిన్నెలు తోమడం, చెట్లకు నీళ్లు పోయడం ఆమె పనులు. ఇంట్లో చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్కా అనే పిలిచేవారు.

మనవలు నవ్వి ఒప్పుకున్నారు. అప్పటికి మే నెల మొదలైంది.

పెద్దవాడు వంటింట్లో పొయ్యి గట్టు కింద నాలుగు పాలరాతి పలకలు పరిపించాడు. మొదటి రోజు అవి అద్దంలా మెరిశాయి. రెండోరోజు పచ్చిపులుసు చింది పడింది. గంట తర్వాత వచ్చి తుడిచాడు. పులుసు పోయింది కానీ, అది పడిన మేర మెరుపు కూడా పోయింది. సబ్బుతో రుద్దాడు, సోడా వేసి రుద్దాడు, పోయిన మెరుపు తిరిగి రాలేదు. మేస్త్రిని పిలిచి చూపించాడు. "ఇది మరక గాదు అన్నా. పాలరాయి పుట్టుక సున్నపురాయిది. చింతపండు, నిమ్మకాయ, పులుపేది పడ్డా పైపొరను తినేస్తది. ఎంత తుడిచినా ఏమొస్తది? మల్ల పాలిష్ పట్టాల్సిందే" అన్నాడు మేస్త్రి. మూడోరోజు పోపులోంచి పసుపు నూనె పడి రాయిలోకి ఇంకింది. నాలుగోరోజు నుంచి వంట జరిగినంతసేపూ పెద్దవాడు గుడ్డ పట్టుకుని పొయ్యి దగ్గరే కాపలా కూర్చున్నాడు. పదిరోజులకు మోకాళ్లు పట్టేశాయి.

కూతురు పట్నం నుంచి అలాంటి సోఫానే, అలాంటి బల్లనే నెల అద్దెకు తెప్పించింది. తాండూరులో రాతి పాలిష్ యూనిట్లు ఎక్కువ. గాలి వీచిందంటే సన్నటి తెల్లపొడి ఇంట్లోకి వస్తుంది. అది బల్ల నగిషీల్లో చేరి కూర్చునేది. గుడ్డ వెళ్లని సందుల్లోంచి పాత పళ్ల బ్రష్షుతో తీయాల్సి వచ్చేది. సోఫా కింద చీపురు దూరదు. దాన్ని జరపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. వారం తర్వాత తమ్ముణ్ణి బతిమాలి జరిపిస్తే కింద దుమ్ము, పోయిందనుకున్న చెంచా, బొద్దింకల సంసారం కనిపించాయి. అన్నింటికన్నా పెద్ద కష్టం మరొకటి ఉంది. అవ్వ అందులో కూర్చుంటే లేవలేకపోయేది. మోకాళ్లకన్నా కిందికి దిగిపోయిన మనిషి ఏ ఆసరా పట్టుకుని లేస్తుంది? "బిడ్డా, జర చెయ్యియ్యి" అని అవ్వ పిలిచిన ప్రతిసారీ మనవరాలు చేతిలో పని వదిలి పరిగెత్తాలి. సాకడమంటే సోఫాను దులపడమే కాదని, దాంట్లో కూర్చున్నవాళ్లను లేపడం కూడా అని ఆమెకు అప్పుడు తెలిసింది.

చిన్నవాడు నర్సరీ నుంచి మంచమంత మేర గడ్డి తెచ్చి వాకిట్లో పరిచాడు. పొద్దున ఒక చిన్న బిందెడు నీళ్లు పోశాడు. ఒకరోజు మానేస్తే గడ్డి కొసలు పసుపు రంగుకు తిరిగాయి, రెండురోజులు మానేస్తే ఎండిపోసాగింది. వాడు లెక్కల్లో గట్టివాడు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. మండే ఎండల్లో గడ్డి రోజుకు అయిదారు మిల్లీమీటర్ల నీరు తాగేస్తుంది. మంచమంటే రెండు చదరపు మీటర్లు, అంటే పది పన్నెండు లీటర్లు. కొత్త ఇంటి ముందు తను పరవాలనుకున్న గడ్డి అలాంటి యాభై మంచాలంత ఉంటుంది. రోజూ యాభై బిందెలు! వీధిలో బోర్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి, మనుషులకే ట్యాంకరు తెప్పించుకుంటున్నారు. ఫౌంటెన్ బదులు వాడు పెట్టిన సిమెంటు తొట్టిలో వారం తిరిగేసరికి నీటి పురుగులు కదిలాయి. మంచినీటిలో దోమ గుడ్డు పెడితే ఏడు నుంచి పది రోజుల్లో కొత్త దోమ ఎగిరిపోతుందని వాడు బడిలో చదువుకున్నదే. ఇక వారం వారం తొట్టి వంచి, రుద్ది, ఆరబెట్టక తప్పలేదు.

రోహిణి కార్తె వచ్చింది, నెల గడిచింది. అవ్వ అందర్నీ వాకిట్లో కూర్చోబెట్టింది. ముగ్గురిలో ఎవరూ ముందుగా నోరు విప్పలేదు. అప్పుడు అవ్వ గిన్నెలు తోముతున్న అక్కను పిలిచింది.

"ఇన్నేండ్ల సంది ఈ ఇల్లు నీ చేతుల మీద నడుస్తున్నది. నువ్వు చెప్పు బిడ్డా, కొత్తింట్ల ఏమేం పెడితే బాగుంటది?"

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది. ఆ ఇంట్లో ఆమెను పని చెప్పడానికి పిలిచారు కానీ, ఏం కావాలని ఎన్నడూ అడగలేదు. కాసేపటికి మెల్లగా మాట్లాడింది.

"నన్నడిగితె అవ్వా, మన నీలి బండనే మంచిది. అద్దం లెక్క పాలిష్ పెట్టద్దు, తడి కాలు జారుతది. మెరుపు పెట్టని బండకు పోయే మెరుపేముంటది? పెద్ద పెద్ద బండలు పరిస్తె సందులు తక్కువైతయి, సందుల్లనే మురికి చేరేది. పొయ్యి గట్టుకు మాత్రం గ్రానైటు పెట్టుండ్రి, పులుపు పడ్డా ఏం గాదు. మంచాలు, బల్లలు నేలకు జానెడు ఎత్తుండాలె, చీపురు దూరాలె. కుర్చీల కూసున్న అవ్వ తనంతట తాను లేవాలె. గడ్డి ఎందుకు? పడమటి దిక్కు గోడకు దూరంగ ఓ వేపచెట్టు పెడితె పొద్దుమూకే ఎండ ఆపుతది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పోయే తావుల కర్రేపాకు, మునగ పెడితె వాటికి వేరే నీళ్లు పొయ్యాల్సిన పనే లేదు."

మేస్త్రి ఇంకొక్క మాట కలిపాడు. "అక్క చెప్పింది నిజమే. కాని నీలి బండ గూడ సున్నపురాయే. తొందరగ తెల్లగ కావాలని దాని మీద యాసిడ్ మాత్రం పొయ్యద్దు."

కొత్త ఇంట్లో అక్క చెప్పిన బండలే పరిచారు. కూతురు దుకాణానికి అవ్వను వెంట తీసుకువెళ్లి, ఆమె చేతి సాయం లేకుండా లేవగలిగిన టేకు కుర్చీలనే కొంది. పెద్దకొడుకు తన పడకగదిలో మాత్రం పాలరాయి వేయించుకున్నాడు, రోజూ తనే తుడుచుకుంటానని మాటిచ్చి. చిన్నకొడుకు మంచమంత గడ్డిని ఉంచుకున్నాడు, దాని బిందెడు నీళ్లు తనే మోస్తానని. అవ్వ ఆ రెండింటికీ అడ్డు చెప్పలేదు. సాకేవాడు కోరుకున్నదాన్ని ఎవరు కాదంటారు?

నీతి: ఇంట్లో ఏ వస్తువునైనా ఎంచుకునే మొదటి హక్కు దాన్ని సాకే చేతిది.

కొనడం ఒక పూట పని. సాకడం ఇరవై ఏళ్ల పని. మన ఇళ్లలో ఆ పూట పని చేసేవారు ఒకరు, ఇరవై ఏళ్ల పని చేసేవారు మరొకరు. డబ్బు కట్టేవారు రంగు చూస్తారు, చుట్టాల మెప్పు చూస్తారు. తుడిచేవారికి కనిపించేవి వేరు. నీళ్లు ఎటు పారతాయో, దుమ్ము ఎక్కడ చేరుతుందో, ఏ మూల చెయ్యి అందదో వాళ్లకే తెలుసు. ఇంటి గురించి అంతకన్నా విలువైన జ్ఞానం ఏ దుకాణంలోనూ దొరకదు. అయినా వాళ్లను మనం అడగం. ఇది చిన్న పొరపాటుగా కనిపిస్తుంది కానీ, దాని భారం రోజూ ఒక మనిషి నడుము మీద, మోకాళ్ల మీద పడుతుంది. అందుకే దీన్ని న్యాయానికి సంబంధించిన విషయంగా చూడాలి.

ఈ నీతి ఏ ఒక్క రాయినీ మంచిదని, మరొకదాన్ని చెడ్డదని అనదు. విట్రిఫైడ్ టైల్ నీటిని అర శాతం కూడా పీల్చుకోదు, కాబట్టి పసుపు మరక లోపలికి దిగదు. అదే టైలు నున్నగా మెరిసేదైతే తడి కాలికి ప్రమాదం. అందుకని స్నానాలగదిలో, పెరట్లో గరుకుది వేసుకోవాలి. రంపపు పొట్టు, చెక్క తుక్కు అతికించి చేసిన పార్టికల్ బోర్డు అలమారా చౌకగా వస్తుంది. రోజూ తడిగుడ్డ తగిలే చోట దాని అడుగు ఉబ్బిపోతుంది. ఊరు మారితే లెక్కా మారుతుంది. కోనసీమలో గడ్డికి నీళ్ల కరువు ఉండకపోవచ్చు కానీ, తేమకు చెక్క తలుపులు ఉబ్బి బిగుసుకుంటాయి. విశాఖ తీరంలో ఉప్పుగాలికి తోటలో వేసిన ఇనుప కుర్చీలు తుప్పు పడతాయి. ఆ ఊళ్లో ఏళ్లుగా ఇల్లు సాకిన మనిషికి ఇదంతా అనుభవంలో ఉంటుంది.

పరీక్షించడం కూడా కష్టం కాదు. నచ్చిన పలకను ఒక్కటి ఇంటికి తెచ్చి, దాని మీద చింతపండు రసం, పసుపు నూనె వేసి ఒక రాత్రి ఉంచండి. నీళ్లు పోసి, గోడ పట్టుకుని, తడి కాలితో అడుగు వేసి చూడండి. కూర్చునే చోటు నేలకు పద్దెనిమిది అంగుళాల ఎత్తున ఉంటే చాలామంది పెద్దలకు లేవడం సులువు. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, చెయ్యి ఊనకుండా లేవగలరో లేదో చూసి కొనండి. మొక్క తెచ్చే ముందు మే నెలలో దానికి నీళ్లు ఎక్కడివో, మోసేది ఎవరో తేల్చుకోండి.

అన్నింటికన్నా ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. కొత్త ఇంటికి సామాను కొనబోయే రోజున మీ ఇంట్లో చీపురు పట్టే మనిషిని దుకాణానికి వెంటబెట్టుకు వెళ్లండి. ఆమె మీ తల్లి కావచ్చు, భార్య కావచ్చు, జీతానికి వచ్చే అక్క కావచ్చు. ఆమె అభిప్రాయం అడగండి, ఆమె వద్దన్నది కొనకండి. అంతగా నచ్చి కొనాల్సే వస్తే, దాన్ని తుడిచే గుడ్డ మీరే పట్టుకోండి.