ఫలం ఎవరిది?

కర్మ చేయి, ఫలం కోరకు అనే ధర్మాన్ని మన సమాజం చాలాకాలంగా గౌరవిస్తూ వస్తోంది. ఈ ధర్మానికి ఆధునిక కాలంలో ఒక ఉదాహరణ చూపమంటే తెలుగువాళ్లు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెబుతారు. చెప్పదగిన పేరే. అయితే కర్త వదులుకున్నంత మాత్రాన ఫలం గాలిలో కలిసిపోదు. దాన్ని ఎవరో ఒకరు అందుకుంటారు. అందుకున్నది ఎవరు? ఎవరికి అందలేదు? ఈ ప్రశ్న వేయకుండా త్యాగాన్ని మాత్రమే పొగిడే నీతి సగం నీతి. మిగిలిన సగాన్ని గూర్చి ఆలోచించడమే ఈ వ్యాసం పని.

సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. అంటే బందరు, గుడివాడ, దివిసీమల వాళ్లకు పొరుగు డెల్టా మనిషి. జాతీయోద్యమ ప్రభావంతో ఖద్దరు గౌను తొడుక్కున్నందుకు మద్రాసు వైద్య కళాశాలలో తెల్లదొర అయిన ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి వచ్చారు. అమెరికా చేరిన తొలిరోజుల్లో ఆసుపత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేస్తూ పగలు హార్వర్డ్‌లో చదువుకున్నారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతి చేతికి వచ్చాక ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. అనే రెండు పదార్థాలు కండరంలో ఉన్న సంగతి బయటపడింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా 1929లోనే స్వతంత్రంగా ఎ.టి.పి.ని కనుగొన్నాడు.

గుండె కూడా కండరమే. అది క్షణం విశ్రాంతి లేకుండా కొట్టుకోవడానికి కావలసిన శక్తి ఎ.టి.పి. నుంచి వస్తుంది. ఫాస్ఫోక్రియాటిన్ దానికి నిల్వ సరుకు వంటిది. ఈ రెంటి మధ్య ఇచ్చిపుచ్చుకోలు నడిపే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్, గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారుతుంది. ఎన్నో ఏళ్లపాటు వైద్యులు గుండెపోటును గుర్తుపట్టింది దాన్ని కొలిచే. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్లారు.

క్యాన్సర్ కథ అక్కడ మొదలవుతుంది. అంతకు చాలా ముందే లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలో దాన్ని పోగొట్టే పదార్థమేదో ఉందని తేల్చింది. ఆమె చూసిన రోగులలో బట్టల మిల్లుల శ్రామిక స్త్రీలు ఉన్నారు. ఆ పదార్థం ఫోలిక్ ఆమ్లం. 1945లో సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ తర్వాత బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు అటువంటి పదార్థాలనే ఇచ్చి చూస్తే వ్యాధి ఉద్ధృతమైనట్టు కనిపించింది. అయితే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థం ఇస్తే ఏమవుతుంది? లెడర్లీ రసాయనికులు అమినోప్టెరిన్ చేసి ఇచ్చారు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితం ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలంపాటు వ్యాధి తగ్గుముఖం పట్టింది. దాని తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. ఆ ప్రకటన వచ్చిన రెండు నెలలకే, ఆగస్టులో, తన 53వ ఏట సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు.

బొంబాయి మిల్లు కూలీల పాలిపోయిన రక్తం నుంచి బోస్టన్ పసిపిల్లల రక్తం దాకా సాగిన ఈ గొలుసులో ఎందరి శ్రమ ఉందో గమనించండి. ఇది ఒక్క మహానుభావుని తపస్సు కాదు. ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు సుబ్బారావే. కాబట్టే ఆయన కీర్తి కోసం తన పేరును ముందుకు నెట్టుకోలేదు. ఇది సన్యాసి వైరాగ్యం కాదు, సమష్టి శ్రమను గుర్తించిన పనివాని నిజాయితీ.

అయితే ఆయన వదిలిన ఫలం ఎక్కడికి చేరింది? ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో బజారులోకి వచ్చింది. పేటెంటు కంపెనీ చేతిలో ఉంది. 1959లో అమెరికా సెనేటులో కీఫావర్ సంఘం మందుల ధరల మీద విచారణ మొదలుపెట్టింది. మందుల ధరలు ప్రపంచంలోకెల్లా హెచ్చుగా ఉన్న దేశాలలో భారతదేశం ఒకటని ఆ సంఘం తేల్చింది. ఆ ధరలకు ఉదాహరణగా నిలిచిన మందులలో ఆరియోమైసిన్ కూడా ఉంది. సుబ్బారావు పరిశోధనశాలలో పుట్టిన మందు సుబ్బారావు పుట్టిన దేశపు పేదవానికే అందని పండు అయింది. ఆయన త్యాగం కంపెనీ ఖాతాలో లాభంగా జమ పడింది.

కంపెనీ పెట్టుబడి లేకపోతే ఆ మందులు పుట్టేవేనా అని కొందరు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. విశ్వవిద్యాలయం చోటివ్వని పరదేశికి కంపెనీ పరిశోధనశాలను ఇచ్చింది, పరికరాలు ఇచ్చింది, నిపుణుల బృందాన్ని ఇచ్చింది. కాని ఆ బృందం చేతికి వచ్చిన జ్ఞానం కంపెనీ కొన్నది కాదు. హార్వర్డ్ పరిశోధన, బొంబాయి ఆసుపత్రుల పరిశీలన, బోస్టన్ పిల్లల బాధ – వీటిలో దేనికీ కంపెనీ వెల కట్టలేదు. విత్తనం అందరిదీ, చేను అందరిదీ అయినప్పుడు నీళ్లు పెట్టినవాడు పంటంతా తనదే అంటే డెల్టా రైతు ఒప్పుకుంటాడా?

ఇంతకన్నా లోతైన విషయం బోదకాలు చెబుతుంది. మురుగునీటిలో పెరిగే దోమల వల్ల వచ్చే ఈ జబ్బు కోస్తా డెల్టాలకు తరతరాల శత్రువు. దీనికి హెట్రజాన్ అనే మందును 1947లో లెడర్లీలోనే కనుగొన్నారు. ఆ మందు స్వభావం విచిత్రమైనది. ఉబ్బిపోయిన కాలును అది మామూలు చేయలేదు. రక్తంలోని పురుగు పిల్లలను చంపి, దోమ ద్వారా అవి ఇంకొకరికి చేరకుండా ఆపుతుంది. అంటే ఊళ్లో ఒక్కడు మింగితే ఊరికి ఒరిగేది లేదు. జబ్బు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి మింగాలి. ఆ పని దుకాణం చేయలేదు. మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. ఊరూరా ఏటా అందరి చేతా మాత్రలు మింగించే పని దేశమంతటా 2004లో గాని ఊపందుకోలేదు. మందు పుట్టడానికీ, అది మంగినపూడి తీరంలో వల లాగే మనిషి నోటికి చేరడానికీ మధ్య అర్ధ శతాబ్దం గడిచింది. ఆ ఎడాన్ని పూడ్చేది వ్యక్తి త్యాగం కాదు, సమాజపు ఏర్పాటు.

ఏర్పాటు అంటే మందు పంచడం మాత్రమే కాదు. ఏ ప్రశ్న మీద పరిశోధన జరగాలో కూడా అదే నిర్ణయిస్తుంది. గుండెపోటుకు రక్తనాళాలలోని వాపు కూడా కారణమని తేలాక, రెండు మందులను పరీక్షించారు. ఒకటి కానకినుమాబ్ అనే ఖరీదైన కొత్త మందు. దాని కంపెనీ 10,061 మంది మీద పరీక్ష జరిపించి 2017లో ఫలితం ప్రకటించింది. గుండె ప్రమాదం కొంత తగ్గింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా తగ్గుతుందన్న ఆశ కలిగింది గాని తర్వాతి పరీక్షలలో అది నిలవలేదు. రెండవది మన మెథోట్రెక్సేట్. పేటెంటు లేని చౌక మందు. దాని మీద లాభం లేదు కనుక, అమెరికా ప్రజల సొమ్ముతో నడిచే జాతీయ ఆరోగ్య సంస్థ పూనుకోవలసి వచ్చింది. 4,786 మంది మీద జరిగిన ఆ పరీక్ష 2018లో ముగిసింది. మెథోట్రెక్సేట్ గుండెపోటును ఆపలేదని తేలింది.

ఇది ఓటమి అనుకోవద్దు. లేదు అనే జవాబు కూడా జ్ఞానమే. చౌక మందును గూర్చిన నిజం తెలుసుకోవడానికి ప్రజల సొమ్మే కావలసి వచ్చింది అన్నదే ఇక్కడి పాఠం. లాభాపేక్ష అడగని ప్రశ్నలు లోకంలో ఎన్ని ఉన్నాయో, వాటికి జవాబు లేక ఎందరు పోతున్నారో ఊహించుకోవచ్చు.

ఏర్పాటును మార్చవచ్చునని మన చరిత్రే నిరూపించింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు మీద గుత్తాధిపత్యాన్ని తొలగించి, తయారీ పద్ధతి మీద మాత్రమే హక్కు ఉంచింది. సోవియట్ సాయంతో హైదరాబాదులో వెలసిన ప్రభుత్వరంగ ఐ.డి.పి.ఎల్. కర్మాగారం ఒక తరం రసాయనికులకు బడి అయింది. క్యాన్సర్ మందులూ గుండె మందులూ చౌకగా దొరకడం ఆనాటి నిర్ణయాల ఫలమే. 2005లో చట్టం మళ్లీ మారి, మందు మీద పేటెంటు తిరిగివచ్చింది. అయినా చట్టంలో మిగిలిన ఒక రక్షణను ఆధారం చేసుకుని 2013లో సుప్రీంకోర్టు గ్లివెక్ అనే ల్యుకేమియా మందుకు పేటెంటు నిరాకరించింది. స్వదేశీ కంపెనీలను చూసి మురిసిపోవడం మాత్రం తగదు. పటాన్‌చెరు చెరువులను విషం చేసిన మందుల కర్మాగారాలు మన గడ్డ మీదివే. స్వదేశీ లాభం కూడా లాభమే.

సంపన్న దేశాలలో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా బతుకుతున్నారని, చాలా పేద దేశాలలో ముప్ఫై మంది కూడా బతకడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మందుల జాబితా రెండు చోట్లా దాదాపు ఒకటే. తేడా మందులో లేదు. ఆసుపత్రి ఎంత దూరం, జబ్బు ఎప్పుడు తెలిసింది, కూలి పోగొట్టుకుని తండ్రి ఎన్ని నెలలు పక్కన కూర్చోగలడు అన్న వాటిలో ఉంది.

బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. ఆ ఏడాదే కొత్త కళాశాలల్లో కొన్ని సీట్లను స్వయంపోషకం పేరిట హెచ్చు రుసుముకు కేటాయిస్తే విద్యార్థులు వీధికెక్కారు. కొందరు దాన్ని చదువు మానిన అల్లరి అన్నారు. కాని వైద్యం ఎవరు నేర్చుకోవాలి, నేర్చినవాడు ఎవరికి బాకీ పడాలి అన్నది సుబ్బారావు జీవితం మిగిల్చిన ప్రశ్నే. ఆయన తన వంతు ఫలాన్ని వదులుకున్నారు. దాన్ని అందుకోవలసినవాళ్లకు అందించే బాధ్యత మనది. ఆయన పటానికి పూలదండ వేసే చేతులు ఆ పనికి కూడా ముందుకు రావాలి.