పేరూ – భయమూ

మదనపల్లెలో ఇంటర్మీడియట్ చదివే పదహారేళ్ల అమ్మాయిని ఊహించుకుందాం. ఆమెకు ఆటిజం వున్నదా లేదా అని నిపుణులు పరీక్షించవలసి వున్నది. ఆ రోజు ఇంకా రాలేదు. "అవును" అని తేలితే చదువేమవుతుందో, పెళ్లేమవుతుందో అని ఇంటిల్లిపాదీ బెంగపడతారు. "కాదు" అని తేలితే ఆమె ఇన్నాళ్ల బాధ అంతా వట్టి పొగరని, మొండితనమని తీర్మానిస్తారు. రెండు జవాబులూ ఆమెను భయపెట్టేవే. ఒక పేరుకు ఇంత శక్తి ఎక్కడినుంచి వచ్చింది?

1895లో ఈ మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, మాట వేరు, అది సూచించే వస్తువు వేరు అని పదేపదే బోధించాడు. నిజమే. పరీక్షకు ముందురోజూ మరునాడూ ఆ అమ్మాయి ఆ అమ్మాయే. పెళ్లిపందిట్లో మైకుల హోరు భరించలేకపోవడం, అనుకున్న పని చెప్పకుండా మారితే తల్లడిల్లడం కాగితం మీది మాటతో పుట్టవు, పోవు. కాని ఇక్కడితో ఆగితే సగం సత్యమే చూసినవాళ్లమవుతాం. మాట వస్తువు కాకపోయినా సమాజంలో పని చేస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. పరీక్షలలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి సౌకర్యాలు కల్పించమని ఆ చట్టం ప్రభుత్వాలను ఆదేశిస్తున్నది. వాటిని అడగాలంటే ఆ పేరున్న కాగితం కావాలి.

కనుక భయం పేరులో లేదు. పేరు వెనుక సమాజం ఏమి నిలబెట్టిందన్న దానిలో వున్నది. మదనపల్లె చెంతనే వున్న ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం చరిత్రే ఇందుకు సాక్ష్యం. ఒకనాడు క్షయ అన్న మాట వింటే మనుషులు సగం చచ్చేవారు. మన దేశంలో బి.సి.జి. టీకాలు 1948లో మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ తరువాత మందులు వచ్చాయి. జబ్బు పేరు మారలేదు, బతికే దారి ఏర్పడింది, భయం సన్నగిల్లింది. ఆటిజం క్షయవంటి రోగం కాదు, అంటుకొనేదీ కాదు. అది పుట్టుకతో వచ్చే మనసు తీరు. దాని వెనుక మనం ఏర్పరచవలసింది మందు కాదు, మనుషుల మధ్య చోటు.

ఆ చోటు ఆడపిల్లకు మరీ ఇరుకు. 1943లో అమెరికాలో లియో కానర్ వర్ణించిన 11 మంది పిల్లలలో ఆడపిల్లలు ముగ్గురే. చాలామంది ఆడపిల్లలు తోటివారిని చూసి నడుచుకుంటూ తమ ఇబ్బందిని కప్పిపుచ్చుకుంటారని ఇప్పుడు పరిశోధకులు గుర్తిస్తున్నారు. కప్పిపుచ్చుకోమని నేర్పిందెవరు? పుంగనూరు వీధిలో మగపిల్లవాడు నోరు విప్పకపోతే వీడికేమైందని అడుగుతాం. ఆడపిల్ల నోరు విప్పకపోతే అణకువ అని మెచ్చుకుంటాం. ఆ మెప్పు కింద ఆమె బాధ ఎవరికీ కనపడకుండా పోతుంది.

భాష సంగతి కూడా ఆలోచించవలసిందే. తెలుగు, తమిళ, కన్నడాలు కలిసే సీమ కుప్పం. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిందీ అక్కడే. అక్కడి పిల్ల పరీక్షకోసం బెంగుళూరో వేలూరో వెళ్లినప్పుడు, తన ఇంటి భాషలో అడిగేవారు లేకపోతే ఏమవుతుంది? బెరుకును ఆటిజం లక్షణంగా లెక్కించవచ్చు. లక్షణాన్ని బెరుకని కొట్టివేయనూవచ్చు. తన భాషలో ప్రశ్న వినడం కూడా ఆమె హక్కే.

అయితే జవాబు వచ్చేదాకా మన బాధ్యత ఏమిటి? భయపడకమ్మా అనడం సులభం. భయానికి కారణం మనమే అయినప్పుడు ఆ మాటకు విలువ లేదు. చట్టం ఇచ్చే సౌకర్యానికి కాగితం కావాలి. తరగతిలో సందడి తక్కువగా వున్న మూల ఆమెను కూర్చోనివ్వడానికీ, రేపటి మార్పును ఇవాళే చెప్పడానికీ, ఆమె మౌనాన్ని ఎగతాళి చేయకుండా వుండడానికీ ఏ కాగితమూ అక్కరలేదు. జవాబు "కాదు" అని వచ్చినా ఆమె పడ్డ బాధ అబద్ధం కాదు. ఈ మాట పరీక్షకు ముందే ఆమెతో చెప్పి, చెప్పినట్టు నడుచుకోవలసినవాళ్లం తల్లిదండ్రులమూ, ఉపాధ్యాయులమూ.