మనం ఎవరికి కట్టుబడి ఉన్నాం?



మీ దగ్గర ఒక పెంటాక్స్ కెమెరా ఉందనుకోండి. దానికి పట్టే లెన్సులు నాలుగైదు ఉన్నాయి. పదిహేనేళ్లుగా వాటితోనే పని. ఇప్పుడు ఎవర్ని కదిపినా ఒకటే మాట: "ఇంకా అదేనా? దాని పనైపోయింది కదా, మిర్రర్‌లెస్‌కి మారిపో." మారాలంటే లెన్సులు అమ్ముకోవాలి, అవి చాలకపోతే అప్పు చెయ్యాలి. మారకపోతే వెనకబడిపోతామేమోనని భయం. మారితే ఎవరికో ద్రోహం చేసినట్టు బాధ. మీరైతే ఏం చేస్తారు?

ఈ ప్రశ్న నేను కల్పించింది కాదు. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే ఒక మిత్రుడు మా సమావేశం అయ్యాక మెట్ల దగ్గర ఆగి అడిగాడు. "దీనికి ధమ్మంలో జవాబేమైనా ఉందా సార్?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. అతని ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఆ కెమెరా మీదే నడుస్తున్నాయి. ఎదుటివాడి దుఃఖం చిన్నదా పెద్దదా అని తూకం వెయ్యడానికి నేనెవర్ని?

అతను అడిగిన దాంట్లో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఏ కెమెరా మంచిది అనేది ఒకటి. దానికి దుకాణంవాళ్లు జవాబు చెబుతారు. నమ్మకంగా ఉండడం అంటే ఏమిటి, ఎవరి పట్ల అనేది రెండోది. ఇది మనది.

మిలింద రాజు, నాగసేన భిక్షువుల సంభాషణ మీలో చాలామందికి తెలుసు. రథమెక్కి వచ్చిన రాజును నాగసేనుడు అడుగుతాడు: ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? ఒక్కొక్కటీ కాదంటూ పోతే చివరికి రథం అనేది ఆ భాగాలన్నీ కూడినప్పుడు మనం పిలుచుకునే పేరు మాత్రమే అని తేలుతుంది. ఇదే ప్రశ్న పెంటాక్స్‌ని అడిగి చూడండి. 1919లో టోక్యోలో కళ్లద్దాల లెన్సులు చేస్తూ మొదలైన అసాహి ఆప్టికల్ అనే సంస్థ పెంటాక్సా? వాళ్లు 1952లో తెచ్చిన అసాహిఫ్లెక్స్ మీద ఆ పేరు లేదు. 1957లో వచ్చిన కెమెరాకి పెట్టిన "పెంటాక్స్" అన్న పేరు తూర్పు జర్మనీలోని ఒక కంపెనీ దగ్గర కొనుక్కున్నది. 2008లో ఆ సంస్థ హోయా అనే మరో జపాను కంపెనీలో కలిసిపోయింది. 2011లో కెమెరాల వ్యాపారాన్ని రికో కొనుక్కుంది. పేరు అరువు, యజమానులు మారారు, పనివాళ్లు తరాలు మారారు. మరి మీరు నమ్మకంగా ఉంటున్నది వీళ్లలో ఎవరికి?

"అయితే ఏదీ లేదన్నమాట, అమ్మిపారెయ్" అని తేల్చేస్తే మాత్రం పొరపాటు. రథం పేరు మాత్రమే అన్నంత మాత్రాన రాజు ఇంటికి నడిచి వెళ్లలేదు కదా! పేరు వెనక చేతులున్నాయి, పని ఉంది. పెంటాక్స్ తన కె మౌంటును 1975లో పెట్టింది. ఆనాటి లెన్సును ఈనాటి పెంటాక్స్ డిజిటల్ కెమెరాకి తగిలిస్తే పట్టుకుంటుంది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, వెలుతురు కొలవడానికి ఒక బటన్ నొక్కాలి, అంతే. యాభై ఏళ్ల కింద కొన్నవాణ్ణి వాళ్లు వదిలెయ్యలేదు. దీన్ని గుర్తుంచుకోవడాన్ని పాళీలో కతఞ్ఞుత అంటారు, చేసిన మేలును ఎరిగి ఉండడం. ఇది లోకంలో అరుదైన గుణమని బుద్ధుడు చెప్పాడు.

మరోవైపు చూడండి. కెనన్ 1987లో తన పాత మౌంటును పక్కనబెట్టి కొత్తది తెచ్చింది. పాత లెన్సులు ఉన్నవాళ్లు అప్పట్లో ఇబ్బంది పడ్డారు. ఆ కంపెనీ మాత్రం ఎదిగింది. మాట నిలుపుకున్నవాడు తగ్గిపోయాడు, మార్చుకున్నవాడు పెరిగాడు, కాబట్టి లోకం ఇంతే అని నీతి లాగాలనిపిస్తుంది. నేను లాగను. మార్కెట్టులో పెరగడం, తరగడం కుశల కర్మకు కొలత కాదు.

అసలు తరగనిది ఎవరు? 2010లో ప్రపంచమంతా కలిపి పన్నెండు కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు దుకాణాలకు వెళ్లాయి. 2020లో అది తొంభై లక్షల లోపుకు పడిపోయింది. ఫోన్లే కెమెరాలైపోయాయి. కొనిక మినోల్టా 2006లోనే కెమెరాల నుంచి తప్పుకుంది. 2012లో కొడాక్ దివాలా రక్షణ కోరింది. ఒలింపస్ తన కెమెరాల విభాగాన్ని వేరేవాళ్లకి అప్పగించింది. మిగిలిన పెద్ద కంపెనీలు లోపల అద్దం ఉండే కెమెరాను వదిలి మిర్రర్‌లెస్ దారి పట్టాయి. పెంటాక్స్ మాత్రం అద్దంతోనే ఉంటానంది. అద్దం ఉన్న కెమెరాలో మీ కంటికి చేరేది లెన్సులోంచి వచ్చిన అసలు వెలుతురే. మిర్రర్‌లెస్‌లో చూసేది చిన్న తెర మీద బొమ్మ. 2023లో నలుపు తెలుపు ఫొటోలు మాత్రమే తీసే ఒక డిజిటల్ కెమెరాను, 2024లో కొత్తగా ఒక రీలు కెమెరాను కూడా తెచ్చారు. మొండితనమో ప్రేమో, ఏమైనా అనుకోండి.

ఇక మన మనసు సంగతి. నా దగ్గర ఒక పెంటాక్స్ కె1000 ఉంది, సెకండ్ హ్యాండుది. 1976 నుంచి 1997 దాకా తయారైన మోడల్. బ్యాటరీ అయిపోయినా షట్టర్ పడుతుంది, వెలుతురు కొలిచే ముల్లు మాత్రమే ఆగిపోతుంది. ఒకసారి మా బంధువుల అబ్బాయి దాన్ని చేతిలోకి తీసుకుని "ఇదేంటి బాబాయ్, ఇనప సామాను" అన్నాడు. అరగంట వాదించాను. గొంతు కూడా పెరిగింది. వాడు వెళ్లాక చూసుకుంటే తెలిసింది, నేను కాపాడింది కెమెరాని కాదు. "నాది" అన్నదాన్ని. ఉపాదానం, అంటే పట్టు, ఎలా ఉంటుందో నాకు ఏ ధ్యానంలోనూ అంత బాగా కనబడలేదు.

మీరూ చూసుకోండి. మీ బ్రాండును ఎవరైనా వెక్కిరిస్తే గుండెలో చురుక్కుమంటుందా? అయితే మీరు నమ్మకం అనుకుంటున్న దాంట్లో పట్టు కొంత కలిసింది. కొత్త కెమెరా ప్రకటన చూడగానే చేతిలో ఉన్నది హఠాత్తుగా పనికిమాలినదిగా తోస్తుందా? అయితే మీరు అవసరం అనుకుంటున్న దాంట్లో తణ్హ కొంత కలిసింది. ఒకదాన్ని పోగొట్టుకోవడానికి రెండోదాన్ని మందుగా వాడేవాళ్లే ఎక్కువ. నిన్నటిదాకా ఒక పేరుకి జైకొట్టి, రేపటి నుంచి ఇంకో పేరుకి కొడతారు.

వినయ పిటకంలో ఆనందుని గురించి ఒక ఘట్టం ఉంది. కోసంబిలో ఉదేన రాజు అంతఃపుర స్త్రీలు ఆయనకు అయిదు వందల వస్త్రాలు దానం చేస్తారు. భిక్షువుకి ఇన్ని ఎందుకు, వ్యాపారం పెడతాడా అని రాజుకి అనుమానం. వచ్చి అడుగుతాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకి పంచుతానంటాడు ఆనందుడు. మరి ఆ పాతవి? దుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపుల గలీబులు. అవీ పాతబడితే? నేల మీద పరుస్తాం. తర్వాత కాళ్లు తుడుచుకునే పట్టాలు, ఆ తర్వాత దుమ్ము దులిపే గుడ్డలు. ఆఖరికి పీలికలు చేసి మట్టిలో కలిపి నేలకి అలుకుతాం. రాజు సంతోషించి ఇంకో అయిదు వందలు ఇచ్చాడు.

ఇందులో ఆనందుడు ఏ వస్త్రాన్నీ పట్టుకుని కూర్చోలేదు. దేన్నీ పారెయ్యలేదు కూడా. వస్తువు పని మారుతూ పోయింది, నేసిన చేతుల కష్టం మాత్రం వృథా కాలేదు. వస్తువు పట్ల చూపగలిగిన కృతజ్ఞత ఇదేననుకుంటాను.

ఆ మిత్రుడితో తర్వాతి వారం కూర్చుని ఇదంతా మాట్లాడాను. అతని కష్టం ఏమిటంటే పెళ్లివాళ్లు ఇప్పుడు ఫొటోలతో సరిపెట్టుకోరు, వీడియో కూడా అదే మనిషి తియ్యాలంటారు. అతనికి ఇది తిండి ప్రశ్న. సరైన జీవనోపాధికి పనిముట్టు మార్చుకోవడం ద్రోహం కాదని గట్టిగానే చెప్పాను. కొలిమివాడు సుత్తి మార్చితే పాత సుత్తి ఏడవదు. అయితే అప్పు మాట వచ్చేసరికి ఆగాను. గృహస్థుకి ఉండే నాలుగు సుఖాల్లో అప్పు లేకపోవడాన్ని ఒకటిగా అనాథపిండికునికి చెప్పాడు బుద్ధుడు. కొత్త కెమెరా మీద వాయిదాలు కట్టడానికి ఒప్పుకోకూడని ఆర్డర్లు ఒప్పుకుని, నిద్ర లేక, ఇంట్లోవాళ్ల మీద అరుస్తూ బతకడం కూడా ఒక మార్పే మరి.

అప్పుడతను ఒక మాటన్నాడు, నేను ఊహించనిది. "అందరం ఇలా వెళ్లిపోతే ఉన్నవాళ్ల గతేంటి సార్? రిపేరు చేసేవాడికి పని పోతుంది. విడిభాగాలు దొరకవు. నేను పోవడం వల్ల ఇంకొకడు ఇరుక్కుంటాడు కదా." నిజమే. ఒక పేరు తరిగిపోయినప్పుడు దెబ్బ తగిలేది పేరుకి కాదు, చివరిదాకా మిగిలిన నలుగురికి. దీనికి నా దగ్గర నిండు జవాబు లేదు. ఫొటో తీయడం సరదా మాత్రమే అయినవాళ్లు, మీలో ఎవరైనా ఉంటే, కొత్తదాని అవసరం లేనివాళ్లు ఉండిపోవచ్చు, ఆ రిపేరువాడి దగ్గరికి వెళుతూ ఉండొచ్చు. తిండికోసం వెళ్లేవాడి బరువు మీరు కొంచెం మోసినట్టవుతుంది.

మాఘమాసం ముహూర్తాలకి అతను ఒక మిర్రర్‌లెస్ అద్దెకి తీసుకుని రెండు పెళ్లిళ్లు చేశాడు. వీడియో బాగా వచ్చిందట. ఆ చిన్న తెరకి కన్ను ఇంకా అలవాటు పడలేదన్నాడు. కొనాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. తన పాత యాభై మిల్లీమీటర్ల లెన్సునీ, దానితో పాటు పక్కన పడి ఉన్న ఒక పాత బాడీనీ లైట్లు పట్టుకునే కుర్రాడి చేతికిచ్చాడు. వాడు ఆదివారాలు చెరువు గట్టు మీద ఫోకస్ తిప్పడం నేర్చుకుంటున్నాడు.