మిగిలిన నీళ్లు ఎవరివి?

ధ్యాన భాగములు: యెహెజ్కేలు 34:17–22; ద్వితీయోపదేశకాండము 22:6–7



యెహెజ్కేలు గ్రంథములోని 34వ అధ్యాయమును మనము మంచి కాపరిని గూర్చిన అధ్యాయమని చెప్పుకొందుము. మొదట చెడ్డ కాపరులకు గద్దింపు, తరువాత దావీదు వంశపు కాపరిని గూర్చిన వాగ్దానము మనకు బాగుగా జ్ఞాపకముండును. అయితే ఆ రెండింటి నడుమ, 18వ వచనమున, దేవుడు కాపరులను విడిచి గొఱ్ఱెలనే నిలువబెట్టి అడుగుచున్నాడు. బలిసిన గొఱ్ఱెలు ముందుగా రేవులో దిగి తేటనీరు కడుపునిండ త్రాగినవి. అంతవరకు తప్పులేదు. దప్పిక తీర్చుకొనుట పాపము కాదు. కాని బయటికి వచ్చుచు ఆ నీటినంతటిని డెక్కలతో బురద చేసినవి. వెనుక వచ్చిన బక్క గొఱ్ఱెలకు ఆ బురదయే మిగిలినది. దేవుని ప్రశ్న త్రాగినదానిని గూర్చి కాదు, మిగిల్చినదానిని గూర్చి.

ఈ నెల ఈ వాక్యమును మనస్సున ఉంచుకొని కొల్లేటి గట్టుకు వెళ్లుదము.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, ఏలూరుకు దక్షిణముగా కొల్లేరు పరచుకొని యున్నది. మన దేశమందలి పెద్ద మంచినీటి సరస్సులలో ఇది ఒకటి. బుడమేరు, తమ్మిలేరు, ఇంకను ఎన్నో కాలువలు, మురుగు కోడులు దీనిలోనికి వచ్చి చేరును. బయటికి పోవుటకు మాత్రము ఒక్కటే దారి, అది ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించి అది సముద్రములో కలియును. వానకాలమున వరద ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు సరస్సు దానిని తన ఒడిలోనికి తీసికొని మెల్లమెల్లగా సముద్రమునకు విడుచును. చుట్టుప్రక్కల పొలములకు, ఊళ్లకు అది కనబడని కాపుదల. నీరు తగ్గిన నెలలలో ఒండ్రునేలమీద తుంగ, నాచు, నత్త, చేప వృద్ధిపొందును. వాటికొరకు పక్షులు వచ్చును. ఆ చేపలతోనే దోనె, వల నమ్ముకొన్న లంకగ్రామముల ప్రజలు తరతరములుగా బ్రతికిరి. ఒకే పళ్లెములో దేవుడు ఇందరికి వడ్డించెను.

కైకలూరు చేరువనున్న ఆటపాకలో అటవీశాఖవారి పక్షుల విజ్ఞాన కేంద్రమొకటి ఉన్నది. అక్కడ రకరకముల పక్షుల నమూనాలు ఉంచిరి. చలికాలమున పడవలో కొంతదూరము తీసికొనిపోయి జీవముగల పక్షులనే చూపింతురు. ఇటువంటి కేంద్రములకు బడిపిల్లలను ఉపాధ్యాయులు తీసికొని వచ్చుచుందురు. ఏటేట అక్టోబరు మొదటి వారమున వన్యప్రాణి వారోత్సవములని దేశమంతట పిల్లలకు వ్యాసరచన, చిత్రలేఖన పోటీలు పెట్టుదురు. జనవరిలో ఆసియాలోని అనేక దేశములలో నీటిపక్షులను లెక్కించు పని జరుగును. జీతము లేకుండ, తెల్లవారక మునుపే లేచి గట్లమీద నిలిచి లెక్కపెట్టువారు అందులో అనేకులు. ఫిబ్రవరి 2వ తేదీన చిత్తడినేలల దినము. 1971లో ఇరాను దేశమందలి రామ్‌సర్ పట్టణమున అటువంటి నేలలను కాపాడుటకు దేశములు ఒడంబడిక చేసికొనిన దినమది. 2002లో మన కొల్లేరును ఆ పట్టికలో చేర్చిరి.

దేవుని ప్రజలకు దీనితో పని ఏమని కొందరు అడుగుదురు. ఆదికాండము రెండవ అధ్యాయము తెరచి చూడుడి. దేవుడు ఆదామునకు ఇచ్చిన మొదటి పని గుడి కట్టుట కాదు. తోటలో కష్టపడి దానికి కావలి యుండుట. తరువాత ఆకాశపక్షులను అతని యెదుటికి తెచ్చి, ఏ పేరు పెట్టునో చూచెను. పేరు తెలియనిదానిని కాపాడుట కష్టము. మన తాతలకు చెరువుమీది పక్షులన్నిటి పేర్లును తెలిసియుండెను. మన పిల్లలకు అన్నియు ఒకటే కొంగ. ఆ పేర్లను తిరిగి వారి నోట పలికించు స్థలము ఏదైనను, అది ఆదామునకు అప్పగించిన పనిలో కొంత చేయుచున్నదని మేము ఎంచుచున్నాము.

ఆటపాకలో ముఖ్యముగా చూడదగినది గూడబాతు. ఈ పేరు మన బైబిలు చదువరులకు క్రొత్త కాదు. 102వ కీర్తనలో దుఃఖముతో నలిగిన భక్తుడు తన ఒంటరితనమును అడవిలోని గూడబాతుతో పోల్చుకొనెను. కొల్లేటి గూడబాతు బూడిదవన్నె గల పెద్ద పక్షి. ముక్కు క్రింద సంచి వ్రేలాడుచుండును. గుంపులుగా చెట్లమీద గూళ్లు కట్టి, నెలదినములు పొదిగి, పిల్లలకు చేపలు తెచ్చిపెట్టును. పిల్లలు తల్లి సంచిలోనికి తలదూర్చి ఆహారము తీసికొనును. పూర్వకాలపు క్రైస్తవులు, తల్లి గూడబాతు తన రొమ్ము చీల్చుకొని రక్తముతో పిల్లలను పోషించునని నమ్మి, దానిని క్రీస్తు ప్రేమకు గుర్తుగా గుళ్లలో చెక్కిరి. అది కట్టుకథ. నిజమైన గూడబాతు అట్లు చేయదు. అయితే మనకు కట్టుకథతో పనిలేదు. దినమంతయు నీటిమీద వెదకి, దొరికినది తాను మ్రింగి, గూటికి వచ్చి తన గొంతులోనుండి పిల్లలకు పెట్టు తల్లిని చూచిన చాలును. త్రాగిన తరువాత వెనుకనున్నవారికి మిగుల్చుట అది ఎరుగును. ఆకాశమందలి కొంగకు తన కాలము తెలియుననియు, దేవుని ప్రజలకు ఆయన న్యాయము తెలియలేదనియు యిర్మీయా 8:7లో ఏడ్చినది ఇందుకే కదా!

ఇక విచారకరమైన సంగతి వినుడి. 1946లో కె.కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున గూడబాతుల గొప్ప నివాసమును కనుగొనెను. దాదాపు 3,000 పక్షులు అక్కడ గూళ్లు కట్టుకొని యుండెను. సుమారు 1974 నాటికి ఆ నివాసము పాడుబడెను. అదే దశాబ్దమున సరస్సులో చేపల చెరువులు త్రవ్వుట మొదలైనది. పేద జాలరులకు, భూమిలేని దళితులకు జీవనోపాధి కలిగింపవలెనని సంఘములు ఏర్పరచి చెరువులు ఇచ్చిరి. తలంపు మంచిదే. కాని పేదల పేరున మొదలైనది క్రమముగా ధనము గలవారి చేతిలోనికి పోయినది. పేదవాడు కౌలు డబ్బు తీసికొని తన చెరువు గట్టున తానే కూలివాడాయెను. గట్టుకు గట్టు కలిసెను. ఇంటికి ఇల్లు, చేనుకు చేను చేర్చుకొని ఇతరులకు చోటులేకుండ చేయువారికి యెషయా 5:8లో శ్రమ చెప్పబడినది. నీటికి నీరు చేర్చుకొనువారికి ఆ మాట వర్తింపదా? నీరు పారుటకు దారి ఇరుకాయెను, మేత మందులు, మురుగు, గుర్రపుడెక్క నిండెను.

1999లో ప్రభుత్వమువారు 308 చదరపు కిలోమీటర్ల సరస్సును పక్షుల రక్షిత స్థలముగా ప్రకటించిరి. 2006లో సర్వోన్నత న్యాయస్థానము కలుగజేసికొనగా వేల ఎకరముల చెరువుల గట్లు తెగగొట్టబడినవి. ఆ దినములలో లంకగ్రామముల ఇండ్లలో ఏడ్పు పుట్టెను. పెట్టుబడి పెట్టిన పెద్దలు వేరొక చోటికి పోగలిగిరి. అప్పు మిగిలినది చిన్నవారికి. తరువాత కొన్నిచోట్ల గట్లు మరల లేచినవి, వ్యాజ్యములును లేచినవి.

ఆ గ్రామములలో మన సంఘములవారును ఉన్నారు. “అయ్యగారూ, మా బిడ్డల కడుపుకన్న పక్షి గొప్పదా?” అని వారు అడిగినయెడల ఏమి చెప్పుదుము? కాదు అని నిశ్చయముగా చెప్పుదుము. లూకా 12వ అధ్యాయమున మనుష్యుడు అనేకమైన పిచ్చుకలకంటె విలువైనవాడని ప్రభువే సెలవిచ్చెను. కాని ఆయనే, ఆ నోటితోనే, ఆ పిచ్చుకలలో ఒక్కటియు దేవునికి మరపు రాలేదని చెప్పెను. ఒక మాట పట్టుకొని రెండవ మాట విడిచిపెట్టుటకు మనకు అధికారము లేదు. పక్షిని ప్రేమించి జాలరిని మరచువాడు సగము సువార్తనే చదివెను. జాలరి పేరు చెప్పి సరస్సును మ్రింగువాడు అదియు చదువలేదు. నిజమునకు కొల్లేటిలో పక్షికిని పేదవానికిని వ్యాజ్యము లేదు. ఇద్దరును వెనుక వచ్చిన బక్క గొఱ్ఱెలే. ఇద్దరికిని బురదనీరే మిగిలినది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున చిన్న ఆజ్ఞ ఒకటి ఉన్నది. దారిన పోవుచు పక్షిగూడు కనుగొనినవాడు పిల్లలను తీసికొనిన తీసికొనవచ్చును గాని తల్లిని పట్టరాదు, విడిచిపెట్టవలెను. దేవుడు ఆకలిగొన్నవానికి అడ్డుపడలేదు. రేపటి గూటిని మాత్రము నాశనము చేయవద్దనెను. ఈ చిన్న ఆజ్ఞకు ఆయన కట్టిన వాగ్దానము చూడుడి: మేలును, దీర్ఘాయువును. తలిదండ్రులను సన్మానించు ఆజ్ఞకు కట్టిన వాగ్దానమే ఇది! కన్నతల్లిని గౌరవించు ఇంటికిని, తల్లిపక్షిని విడిచిపెట్టు చేతికిని దేవుడు ఒకే దీవెన పలికెను.

ఆటపాకలో మరియొకటి చూడవలెను. గూళ్లు కట్టుకొనుటకు చాలినన్ని చెట్లు లేనందున నీటిలో ఇనుప స్తంభములు నాటి, వాటికి కొమ్మలవలె కమ్ములు అమర్చిరి. ఇనుపకొమ్మను పక్షి అంగీకరించునా? అంగీకరించెను. గూడబాతులు వచ్చి పుల్లలు పేర్చుకొని పిల్లలను లేపినవి. మనుష్యుడు పాడుచేసినచోట మనుష్యుడే కొంత సరిచేయగా, దేవుని ప్రాణులు దానిని త్రోసివేయలేదు. జక్కయ్య తాను అన్యాయముగా తీసికొనినది నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను. ఇనుపకొమ్మ నాలుగంతలు కాదు, ఒక వంతైనను కాదు. అయినను తిరిగి ఇచ్చుట అక్కడ మొదలైనది. మారుమనస్సు కన్నీటితో ఆగక చేతులలోనికి దిగవలెనని ఆ కొమ్మలు మనకు చెప్పుచున్నవి.

మన ఊరిలో కొల్లేరు లేకపోవచ్చును. చెరువు లేని ఊరు అరుదు. గనుక సంఘముల ముందు మూడు సంగతులు ఉంచుచున్నాము. మొదటిది, ఆదివారపు బడి పిల్లలను సంవత్సరమునకు ఒకమారైనను చెరువుగట్టునకు గాని, అందుబాటులోనున్నవారు ఆటపాకవంటి కేంద్రమునకు గాని తీసికొనిపోవుడి. ఊరి వృద్ధులను పిలిచి పక్షుల పేర్లు, చెట్ల పేర్లు చెప్పించుడి. పంగలకర్ర పట్టిన పిల్లవానిని కొట్టక, గూటిలోని తల్లిని చూపించుడి. రెండవది, ప్రేమవిందు ముగిసిన తరువాత విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు చెరువులో పడవేయకుడి. మనము త్రాగి మిగిల్చినది ఏమో ఊరంతయు చూచుచున్నది. మూడవది, చెరువును ఆక్రమించుకొను మాట గ్రామసభలో వచ్చునప్పుడు సంఘపెద్దలు మౌనముగా ఉండకుడి. దిగువ పొలమువానికి నీరు, వలవానికి చేప, పశువునకు రేవు మిగులునా అని అడుగుడి. బలవంతుల ముందు ఆ ప్రశ్న అడుగుటకు ధైర్యము కావలెను. మన కాపరి బక్క గొఱ్ఱెల పక్షముననే తీర్పు తీర్చునని వాగ్దానము చేసియున్నాడు. ఆయన ఉన్న పక్షముననే మనమును నిలుతము.

ప్రార్థన: నీళ్లను సృజించిన తండ్రీ, మేము త్రాగిన తేటనీటికై నీకు స్తోత్రము. మా వెనుక వచ్చువారి దప్పికను మా కన్నులకు కనబరచుము. లంకగ్రామములలోని అప్పులపాలైన కుటుంబములను ఆదరించుము. గూటిలోని తల్లిని, గుడిసెలోని తల్లిని కాపాడుము. పాడుచేసినచోట సరిచేయు చేతులను మాకు దయచేయుము. మంచి కాపరియైన యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.