పెరటితోటయు, గృహస్థుని అహింసయు

కార్తిక పౌర్ణమితో చాతుర్మాస్యము ముగియును. వానకాలమున నేలయంతయు జీవరాశితో నిండియుండును గనుక ఒకచోట నిలిచిన సాధుసాధ్వులు మరల విహారమునకు బయలుదేరుదురు. ఫాల్గుణ చౌమాసీ మొదలు ఆకుకూరలు విడిచియున్న శ్వేతాంబర గృహములలో మెంతికూర, కొత్తిమీర తిరిగి వంటయింట అడుగుపెట్టును. మరల ఫాల్గుణము వచ్చువరకు, ఈ నాలుగు మాసములే వానికి అనుమతి. మన గోదావరి తీరమున ఆ కూరలు బాగుగా వచ్చు కాలమును ఇదియే. యానాములో, కనకాలపేట వంటి పేటలలో, ఇంటివెనుక రెండు గజముల చోటున్నను మెంతులు చల్లుకొనవచ్చును. చిక్కుడు పందిరి పూతకు వచ్చును. కడియము నర్సరీలనుండి బంతి, చామంతి మొక్కలు దిగును. చలి అనదగిన చలి ఇక్కడ లేదు. రాత్రి 20 డిగ్రీల దరిదాపులకు దిగుటయే గొప్ప. మంచుకు మొక్క గడ్డకట్టునను భయము లేదు. ఇక్కడి చిక్కంతయు పురుగుతోనే.

‘జైనుడు మట్టి త్రవ్వరాదు, కొని తినుటయే మేలు’ అని మన పెద్దలలో కొందరందురు. ఆ మాటకు ఆధారము లేకపోలేదు. శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములలో నేలను త్రవ్వి, దున్ని జీవించు స్ఫోటకర్మము ఒకటి. అయినను ఋషభదేవుడు ప్రజలకు నేర్పిన ఆరు వృత్తులలో అసి, మసులతోపాటు కృషియు కలదని జినసేనాచార్యుల ఆదిపురాణము చెప్పుచున్నది. ఉపాసకదశాంగములోని ఆనంద శ్రావకుడు వ్రతము స్వీకరించిన నాడు తన భూమిని 500 నాగళ్ళకు పరిమితము చేసికొనెను. నాగలిని విడువలేదు, దానికి లెక్క పెట్టెను.

ఇక కొనుటలో దోషమే లేదనుట నాకు సమ్మతము కాదు. కృతము, కారితము, అనుమోదితము అని మూడు ద్వారములను చెప్పిన మతము మనది. మందు చల్లినవాడు వేరొకడు. తూయించుకొని డబ్బిచ్చినవారము మనము. సంచిలోని వంకాయ ఒక్క పుచ్చయినను లేక నిగనిగలాడుచున్నదన్నచో తోటలో ఏమి జరిగియుండునో ఊహింపవచ్చును. చూడకపోవుట అహింస యగునా? లెక్కను వేరొకని చిట్టాలో వ్రాసినంతమాత్రమున మన బాకీ తీరునా? వర్తకులమైన మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

పుష్యమాసమున రెండుమూడు దినములు మబ్బుపట్టినచో చిక్కుడు లేతకొనలకు నల్లని పేనుబంక పట్టును. మగదాని అవసరము లేకయే ఆడుపురుగు పిల్లలను కనును. వారము తిరుగునప్పటికి కొన కనబడదు. ఆ పురుగులు విసర్జించు తీపిరసమునకై చీమలు చేరి వానిని కాపాడుచుండును. ఇవి త్రసజీవులు. చంపవలెనని చంపుట సంకల్పీహింస. స్థూల ప్రాణాతిపాత విరమణము స్వీకరించిన శ్రావకునకు అది తగదు. సబ్బునీరు గాని, పొయ్యిలోని బూడిద గాని, దుకాణములోని మందు గాని, ఉద్దేశము ఒకటే అయినప్పుడు సరకు పేరు మార్చినంతమాత్రమున వ్రతము నిలువదు. ‘వేపకషాయము ప్రకృతిసిద్ధము కదా’ అందురు. ప్రకృతిసిద్ధమైనంత మాత్రమున పురుగు బ్రదుకునా? పురుగు రాకముందే చల్లినచో ఆ చేదుకు కొన్ని ఆకును ముట్టవు. అది వేరు మాట.

అందుచేత పురుగు కనబడిన నాడు ‘చంపనా, మాననా’ యని తర్కించుట ఆలస్యపు తర్కము. ఆ చిక్కుడు గింజ శ్రావణమునకే నేలలో పడినది. పగలు తగ్గిన పిమ్మట గాని అది పూయదు. నాలుగు పాదులు చాలునన్నచోట ఆనాడు పది పెట్టితిమా? ఎరువు గుప్పితిమా? చిక్కుడు వేళ్ళబుడిపెలలోని సూక్ష్మజీవులే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చును. దానికి మనమిచ్చునది కొంచెము చాలును. ఎక్కువ యిచ్చినచో తీగ మెత్తనై, రసము నిండి, పేనుబంకకు విందగును. పుష్యమాసపు హింసకు శ్రావణమాసపు ఆశయే పెట్టుబడి. అప్పుతెచ్చి, శక్తికి మించిన సరకు కొట్టులో నింపినవాడు పండుగ వెళ్ళిన మరునాడు అబద్ధమాడక తప్పదు. ఆ అబద్ధము ఆనాడు పుట్టినది కాదని మనలో ఎవరికి తెలియదు? పరిగ్రహ పరిమాణమును బంగారమునకు, ఇండ్లకు వ్రాసికొన్నవారు పాదులకును వ్రాసికొనవచ్చును. ఆనందుడు నాగళ్ళకు వ్రాసికొనలేదా?

ముల్లంగి, క్యారెట్టు ఈ కాలపు పంటలే. అనంతకాయములు గనుక మన పెరటిలో వానికి చోటులేదు. పైగా వానిని పీకినచో మొక్కయే పోవును. చిక్కుడు కాయలు కోసినను తీగ బ్రదుకును. పాదును వేసవిలో, నేల ఎండియున్నప్పుడే త్రవ్వి యుంచుకొన్నచో వానలో పార పట్టవలసిన పని యుండదు. నీరు తెల్లవారి వెలుతురు వచ్చిన పిమ్మట పోయవలెను. ఆకుమీది తడి రాత్రియంతయు నిలిచినచో తెగుళ్ళు పెరుగును. చీకటిలో పోసినచో పాదులోనున్న జీవి కంటబడదు. మనచేత రాత్రిభోజనము మాన్పించిన కారణమే ఇక్కడను పనిచేయును.

ఇంత చేసినను పేనుబంక రావచ్చును. అక్షింతల పురుగు వచ్చి దానిని తినిపోవుటయు కలదు. ఆ హింస మనది కాదని కొందరు ఊరట చెందుదురు. తానై వచ్చినచో మనది కాదు, పట్టి తెచ్చి వదలినచో కారితము. నాకు తోచిన గీత ఇది. అదియు రానిచో కొనలను పురుగుకు వదలి, క్రిందికాయలు చూచి కోసికొని, పందిరిమీది ఆశ విడువవలెను. ఆ యేటికి చిక్కుడుకాయలు బజారునుండి తెచ్చుకొనవలసినదే. అప్పుడు తూచు మనిషిని ‘ఏమి చల్లినారయ్యా?’ అని అడుగుటకు మనకు నోరు రావలెను. ఆతడు చెప్పినది విని, ఆ కాయలను అక్కడనే విడిచి వట్టి సంచితో ఇంటికి రావలసిన దినములును కొన్ని యుండును.